వెబ్‌సైట్ పెడుతున్నారా? పథకం పేరు మీద కాదు.. సమస్య మీద పెట్టండి

ఇవాళ్టి మ్యాచ్‌కి టీమ్ ఎలా పెట్టుకోవాలి, కెప్టెన్‌గా ఎవరిని తీసుకోవాలి, పిచ్ ఎవరికి కలిసొస్తుంది.. ఇలా రోజూ రాసే సైట్లు 2025 ఆగస్టు దాకా ఎన్నో ఉండేవి. వ్యాసం కింద ఫాంటసీ యాప్ లింకు ఉండేది. దాని ద్వారా ఎవరైనా చేరితే సైట్ పెట్టినవాళ్లకు కమీషన్. ఐపీఎల్ రెండు నెలలూ వాళ్లకు పండగే. ఆగస్టు 20న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు లోక్‌సభలో పాసైంది. 21న రాజ్యసభ ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు కట్టి ఆడే ఆటలే కాదు, వాటి ప్రచారం కూడా నిషేధంలోకి వచ్చింది. టీమిండియా జెర్సీ మీద ఉండే డ్రీమ్11 పేరే మాయమైపోయింది. ఇక ఆ లింకు మీద బతికే చిన్న సైట్ల సంగతి చెప్పేదేముంది?

ఆ సైట్లు నడిపిన కుర్రాళ్లకు రాయడం రాదా? వచ్చు. కష్టపడలేదా? పొద్దున ఆరింటికే లేచి పోస్టులు పెట్టినవాళ్లున్నారు. తప్పు జరిగింది రాతలో కాదు, మొదటి రోజు అంశాన్ని ఎంచుకున్నప్పుడు. బ్లాగింగ్ భాషలో దాన్నే 'నిచ్' అంటారు. మన సైట్ ఎవరి కోసం, ఏ అవసరం తీర్చడానికి అన్నమాట.

క్యాంపస్ సెలక్షన్లు అనుకున్నట్టు లేకపోవడం, గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడంతో మీలో చాలామంది 'పోనీ, ఒక సైట్ పెడితే?' అని ఆలోచిస్తూ ఉండొచ్చు. ఆలోచన మంచిదే. కానీ దాని మీద యూట్యూబ్‌లో దొరికే సలహాల్లో చాలావరకు పదేళ్ల కిందటివి. 'ఎక్కువమంది వెతికే మాట పట్టు, వంద పోస్టులు రాయి, డాలర్లు వస్తాయి' అన్న లెక్క అప్పట్లో పనిచేసిందేమో గానీ, ఇప్పుడు పనిచేయదు. ఎందుకో చూద్దాం.

రెండు ముక్కల్లో తేలిపోతే ఎవరు క్లిక్ చేస్తారు?

గూగుల్‌లో ఏదైనా అడగండి. లింకుల కంటే ముందు, పైనే ఒక సారాంశం కనిపిస్తుంది. ఏఐ ఓవర్‌వ్యూస్ అనే ఈ ఏర్పాటు 2024 మే నెలలో అమెరికాలో మొదలై, ఆగస్టుకల్లా మన దేశానికి వచ్చింది. 2025లో ఏఐ మోడ్ కూడా తోడైంది, అదే ఏడాది తెలుగులోనూ అందుబాటులోకి వచ్చింది. దీని ప్రభావం ఎంత? అమెరికాలో 900 మంది 2025 మార్చిలో చేసిన వెతుకులాటను ప్యూ రీసెర్చ్ సెంటర్ పరిశీలించింది. సారాంశం కనిపించని పేజీల్లో 15 శాతం సందర్భాల్లో ఏదో ఒక మామూలు లింకును నొక్కారు. సారాంశం కనిపిస్తే అది 8 శాతానికి పడిపోయింది. సారాంశం లోపల ఇచ్చిన లింకుల మీద నొక్కింది ఒక్క శాతమే.

అంటే 'ఫలానా పరీక్షకు చివరి తేదీ ఎప్పుడు', 'పాన్‌కి ఆధార్ ఎలా లింక్ చేయాలి', 'ఫలానా ఫోన్‌లో బ్యాటరీ ఎంత'.. ఇలా రెండు ముక్కల్లో జవాబు తేలిపోయే ప్రశ్నల మీద సైట్ కడితే, మీరు రాసింది గూగుల్ చదువుతుంది, పాఠకుడు చదవడు. నోటిఫికేషన్ల సైట్ పెడదామనుకునేవాళ్లు దీన్ని ముఖ్యంగా గమనించాలి. మన దగ్గర ఎక్కువమంది మొదట ఎంచుకునేది అదే. తేదీ, ఖాళీలు, ఫీజు, వయసు.. ఇవన్నీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, పేపర్లో ఉంటాయి, వాట్సాప్‌కి కూడా వచ్చేస్తాయి. నోటిఫికేషన్లు లేని ఏడాది సైట్‌లో రాయడానికే ఏమీ ఉండదు.

చెగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. హోమ్‌వర్క్ ప్రశ్నలకు జవాబులు అమ్మే అమెరికా కంపెనీ ఇది. ప్రశ్నకింత అని తీసుకుని దానికి జవాబులు రాసిన ఇంజినీరింగ్ విద్యార్థులు మన దేశంలో ఎంతోమంది. 2021 ఫిబ్రవరిలో దాని షేరు 110 డాలర్లు దాటింది. కొత్తగా చేరేవాళ్ల మీద చాట్‌జీపీటీ ప్రభావం పడుతోందని కంపెనీ 2023 మే నెలలో ఒప్పుకోగానే ఒక్కరోజులో షేరు దాదాపు సగం పడిపోయింది. 2025 అక్టోబరులో 45 శాతం ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద జవాబుల గోదామే నిలబడలేకపోయింది. మీరు అదే సరుకు చిన్న కొట్లో పెడితే ఎవరు కొంటారు?

మరి ఏది నిలబడుతుంది? అడిగినవాడి పరిస్థితిని బట్టి జవాబు మారేది. ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి చూసి, కొని, వాడి, దెబ్బతిని చెబితే తప్ప తెలియనిది. ఒకసారి చదివి వదిలేసేది కాక, మూడు నెలలకోసారి మళ్లీ రావాల్సినది.

పేరు మారుతుంది, తిప్పలు మారవు

ఇది మన రెండు రాష్ట్రాలకే ప్రత్యేకమైన గొడవ. సైట్ల గురించి ఇంగ్లిష్‌లో వచ్చే సలహాల్లో ఇది దొరకదు.

తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. అందులో దరఖాస్తు ఎలా పెట్టాలో చెబుతూ, పేరులోనే ధరణి ఉండేలా సైట్లు పెట్టినవాళ్లున్నారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. సైట్ పేరు నుంచి స్క్రీన్‌షాట్ల దాకా అన్నీ పాతబడిపోయాయి. రైతుబంధు రైతు భరోసా అయ్యింది. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. వైఎస్సార్ రైతు భరోసా స్థానంలోకి అన్నదాత సుఖీభవ వచ్చింది. ఆ పేరు 2019లోనూ విన్నదే, మళ్లీ తిరిగొచ్చింది! పథకం పేరు మీద సైట్ పెట్టడమంటే దాని ఆయుష్షును ఎన్నికల తేదీతో ముడిపెట్టడమే.

కానీ ఒక్కటి గమనించండి. పోర్టల్ పేరు ఏదైనా, పాస్‌బుక్కులో తాత పేరు తప్పు పడిన రైతుకు ఆ తిప్పలు అలాగే ఉన్నాయి. తండ్రి చనిపోయాక అన్నదమ్ముల పేరు మీదికి భూమి ఎలా మార్చుకోవాలి? సొంత పొలం 22-ఏ నిషేధిత జాబితాలో కనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? విస్తీర్ణం పది గుంటలు తక్కువ పడితే? ఇవి ధరణికి ముందూ ఉన్నాయి, భూభారతి తర్వాతా ఉంటాయి. సైట్ ఈ ప్రశ్నల మీద కట్టి ఉంటే పోర్టల్ మారిన రోజు మూతపడే రోజు కాదు, అందరూ దాన్ని వెతుక్కుంటూ వచ్చే రోజు. కొత్త పద్ధతి అర్థంకాక జనం వెతికేది అప్పుడే కదా.

(పనిలో పని, ఫోన్ కంపెనీల పేర్లు, యాప్‌ల పేర్లు కూడా డొమైన్‌లో పెట్టకండి. ట్రేడ్‌మార్క్ నోటీసు వస్తే అప్పటిదాకా చేసిందంతా వదులుకోవాలి.)

చట్టం మారితే పని పెరుగుతుందా.. పోతుందా?

ఏ అంశం అనుకున్నా ముందు ఈ ప్రశ్న వేసుకోండి. ఫాంటసీ టిప్స్ సైట్‌కి చట్టం మారితే పని పోయింది. ఇంకొన్నిటికి సరిగ్గా దీనికి వ్యతిరేకం.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అనగానే తెలుగు ఇళ్లలో ఎన్ని ఫోన్లు మోగాయో మీకు తెలుసు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తిస్తుందా, ఎఫ్-1 మీద చదువుతున్నవాళ్ల పరిస్థితేంటి, సెలవులకు ఇంటికి రావచ్చా.. ఆ వారం వీటికి తెలుగులో నిదానంగా, భయపెట్టకుండా జవాబు చెప్పగలిగిన సైట్‌కి పాఠకులు కరవు కారు. కన్సల్టెన్సీలు రాసేవి ఉంటాయి గానీ, వాళ్లు సీటు అమ్మాలి కాబట్టి అంతా బాగుందనే చెబుతారు.

నా ఉద్దేశంలో తెలుగులో ఇంకా ఎవరూ సరిగ్గా పట్టించుకోని అంశం ఒకటుంది: చిన్న వ్యాపారుల లెక్కలు. కిరాణా, ఫ్యాన్సీ, ఎలక్ట్రికల్ షాపు, టిఫిన్ సెంటర్.. వీళ్లకు జీఎస్టీ, ఆదాయపన్ను, లైసెన్సుల గురించి తెలుగులో చెప్పే చోటు. బీకాం విద్యార్థులకు ఇది బాగా నప్పుతుంది. కాస్త వివరంగా చూద్దాం.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ప్రధానంగా 5, 18 శాతం స్లాబులు మిగిలాయి. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. మరి 21వ తేదీ రాత్రి కొట్లో ఉన్న పాత సరుకు సంగతి? దాని మీద పాత ఎమ్మార్పీ ఉంది, 18 శాతం కట్టి కొన్నాడు. రేపు ఎంతకు అమ్మాలి? అంతకు రెండు నెలల ముందు, జులైలో, కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను శాఖ నోటీసులిచ్చింది. బెంగళూరులో కొన్ని కొట్ల ముందు 'యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే' అని బోర్డులు వెలిశాయి. ఆ వార్త చదివిన ప్రతి కొట్టు యజమానికీ 'మన ఫోన్‌పే లెక్కలూ చూస్తారా' అన్న అనుమానం వస్తుంది. ఇక 1961 నాటి ఆదాయపన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం అమలుకు పెట్టుకున్న తేదీ 2026 ఏప్రిల్ 1. ఏడాది తిరక్కుండా ఎన్ని ప్రశ్నలో చూడండి.

ఇంకో విశేషం. సరుకులు అమ్మే వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిన టర్నోవర్ పరిమితిని 2019లో చాలా రాష్ట్రాలు 40 లక్షల రూపాయలకు పెంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. తెలంగాణ మాత్రం 20 లక్షలనే కొనసాగించింది. అంటే హైవే మీద జగ్గయ్యపేటలో 30 లక్షల వ్యాపారం చేసే కిరాణా కొట్టుకు ఉన్న రూలు వేరు, కాస్త దూరంలో కోదాడలో అంతే వ్యాపారం చేసే కొట్టుకు వేరు. ఇంగ్లిష్ సైట్లన్నీ '40 లక్షలు' అని రాసి వదిలేస్తాయి. అది నమ్మిన కోదాడ వ్యాపారి ఇరుక్కుంటాడు. కాంపొజిషన్ స్కీములో చేరితే ఒక్క శాతం పన్నే గానీ, దాన్ని కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇలాంటివి చెప్పేవాడు కావాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు సైట్లకూ వర్తిస్తోంది. ఖాతాలో 100 డాలర్లు చేరితే గానీ డబ్బు పంపరు. తెలుగు పేజీల మీద ప్రకటనల రేటు ఇంగ్లిష్ కంటే తక్కువ. దీంతో చాలామంది సినిమా గాసిప్స్, వాల్‌పేపర్లు, శుభాకాంక్షల ఫొటోల్లాంటి వాటి వైపు పోతారు. లక్షల మంది చూస్తే చాలు కదా అని. కానీ ప్రకటన ఇచ్చేవాడి వైపు నుంచి ఆలోచించండి. సంక్రాంతి ఫొటో డౌన్‌లోడ్ చేసుకోవడానికి వచ్చినవాడికి ఏం అమ్ముతాడు? అదే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని చదువుతున్న కొట్టు యజమాని ఒక్కడు దొరికితే ఆ కంపెనీకి ఎంత విలువ?

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహ మాత్రమే. మీ సైట్‌ని నెలకు 5 వేల మంది వ్యాపారులు చూస్తున్నారు. అందులో ఐదుగురు రిజిస్ట్రేషన్ చేయించి పెట్టమని మీరు పరిచయం చేసిన అకౌంటెంట్ దగ్గరికి వెళ్లారు. ఒక్కొక్కరి మీద మీకు 500 ఇచ్చినా 2,500. వాల్‌పేపర్ల సైట్ అంత తెచ్చుకోవాలంటే ఎన్ని వేల మంది రావాలో ఆలోచించండి. అలా అకౌంటెంట్‌ని పరిచయం చేసి డబ్బు తీసుకుంటున్నారంటే ఆ సంగతి పేజీ మీద రాయాలి. దాచిపెడితే మొదటి తేడా వచ్చిన రోజే పరువు పోతుంది.

ఒకే దారి మీద ఆధారపడొద్దని కూడా గుర్తుపెట్టుకోండి. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో తన అఫిలియేట్ కమీషన్లు తగ్గించింది. ఫర్నిచర్ మీద 8 శాతం ఉన్నది 3 అయ్యింది, కిరాణా సరుకుల మీద 5 శాతం ఉన్నది 1 అయ్యింది. ఆ సైట్లకు వచ్చేవాళ్లు తగ్గలేదు, రాతలు మారలేదు. ఆదాయం మాత్రం సగానికి సగం పోయింది.

మీరే ఎందుకు చెప్పాలి?

నాణ్యతను అంచనా వేసే తన మార్గదర్శకాల్లో 'స్వీయానుభవం' అన్న అంశాన్ని గూగుల్ 2022 డిసెంబరులో చేర్చింది. డబ్బు, ఆరోగ్యం విషయాల్లో మరింత పట్టింపు ఉంటుంది. డిగ్రీ రెండో ఏడాది చదువుతూ షుగర్ తగ్గించుకోవడం మీద సైట్ పెడితే ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్మాలి? షేర్ల టిప్స్ అసలే వద్దు. సెబీ దగ్గర నమోదు కాకుండా ఏ షేరు కొనాలో సలహా చెప్పడం చట్టవిరుద్ధం.

అలాగని 'నాకేం అనుభవం ఉంది' అని డీలా పడక్కర్లేదు. మీ నాన్నగారు చేసే పని ఏంటి? భీమవరం, కైకలూరు వైపు పిల్లలైతే రొయ్యల చెరువు పక్కనే పెరిగి ఉంటారు. వైట్‌స్పాట్ వస్తే ఇంట్లో ఎలా ఉంటుందో మీరు చూశారు. కౌంటు రేటు పడిపోయిన రోజు ఇప్పుడే పట్టేయాలా, ఇంకో పది రోజులు మేత వేసి ఆగాలా అని రాత్రి జరిగే చర్చ విన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద ఎవరు ఏమనుకున్నారో మీకు తెలుసు. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాడికి అది తెలియదు, ఏఐకీ తెలియదు. మేత కంపెనీలు, ఏరేటర్లు అమ్మేవాళ్లు, హేచరీలు.. ప్రకటన ఇవ్వడానికి అక్కడ మనుషులున్నారు. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆక్వా రైతులు వీడియో చూసినంతగా వ్యాసం చదవరు. కాబట్టి అక్కడ సైట్ అంటే వ్యాసాల కుప్ప కాకుండా, మేత ఖర్చు, కరెంటు, కౌంటు వేస్తే 'ఇప్పుడు పడితే ఎంత, ఆగితే ఎంత' అని చూపించే చిన్న లెక్క యంత్రంలా ఉండాలి. బీటెక్ చదివే స్నేహితుడు ఒకడుంటే అది వారం రోజుల పని.

నర్సింగ్ చదివే అమ్మాయి గల్ఫ్, జర్మనీ ఉద్యోగాల ప్రక్రియ మీద రాయొచ్చు. ఐటీఐ కుర్రాడు ఇన్వర్టర్, సోలార్ రిపేర్ల మీద రాయొచ్చు. ఇంట్లో, ఊళ్లో, క్లాసులో మీకు దొరికే సమాచారం పక్కవాడికి దొరకకపోతే చాలు.

ఇంత చేసినా గ్యారంటీ లేదు, అది దాచను. హౌస్‌ఫ్రెష్ అని ఎయిర్ ప్యూరిఫయర్లను స్వయంగా కొని, గదిలో పెట్టి పరీక్షించి రాసే చిన్న సైట్ ఒకటి ఉంది. పెద్ద పత్రికల పైపై రివ్యూలు పైకి వచ్చి తమది వెనక్కి పోయిందని, గూగుల్ నుంచి వచ్చే పాఠకుల్లో అత్యధిక భాగం పోగొట్టుకున్నామని 2024లో బహిరంగంగా రాసుకున్నారు. నిజాయతీగా పనిచేసినా దెబ్బ తగలొచ్చు. అందుకే వచ్చిన పాఠకుణ్ని గూగుల్ చేతిలోనే వదిలేయకండి. మొదటి నెల నుంచే వాట్సాప్ చానలో, ఈమెయిల్ ఉత్తరమో పెట్టండి. 300 మంది నేరుగా మీ దగ్గరికి వచ్చేవాళ్లుంటే, వెతికి దారితప్పి వచ్చిన 3 వేల మంది కంటే నయం.

డొమైన్ కొనే ముందు

ఒక నోటుపుస్తకం తీసుకుని మీ అంశం మీద జనం అడిగే ప్రశ్నలు 60 రాయండి. ఇంటర్నెట్‌లో చూసి కాదు, ఆ పని చేసే ఐదుగురిని కలిసి. పాతిక దగ్గరే ఆగిపోతే అంశం మరీ ఇరుకు. అరవైలో నలభై రెండు ముక్కల జవాబులే అయితే అది ఏఐకి వదిలేయండి. తర్వాత గూగుల్ ట్రెండ్స్‌లో ఐదేళ్ల గ్రాఫ్ చూడండి. ఒకసారి ఆకాశానికి లేచి పడిపోయిందా, ఏటా ఒకే నెలలో లేస్తోందా, నిలకడగా ఉందా? నిలకడైన గీత ఎత్తు తక్కువైనా పర్వాలేదు. ఇక ఆ ప్రశ్నల్లో పదింటిని తెలుగులో వెతకండి. మొదటి పేజీ నిండా ప్రభుత్వ సైట్లు, పెద్ద పత్రికలే ఉంటే కష్టం. అర్థంకాని అనువాదాలు, 2021లో రాసి వదిలేసిన పోస్టులు కనిపిస్తే అక్కడ చోటున్నట్టే.

ఖర్చు ఎక్కువేం కాదు. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి అటూఇటూ, హోస్టింగ్‌కి కొన్ని వేలు. ఖర్చయ్యేది సమయం. మొదటి ఏడాది, ఏడాదిన్నర చెప్పుకోదగ్గ ఆదాయం ఉండదనే లెక్క వేసుకోండి. కాబట్టి పరీక్షలకు ప్రిపరేషన్ ఆపి దీని మీద పడొద్దు, ఇంట్లో అప్పు చేయించొద్దు. వారానికి ఎనిమిది గంటలు, రెండు వ్యాసాలు చాలు. ఆ రెండు వ్యాసాలకు ఒక్కోదానికి ఒక మనిషినైనా నేరుగా కలవాలి, ఫోన్‌లోనైనా మాట్లాడాలి. ఆరు నెలలకు యాభై వ్యాసాలు పోగవుతాయి. అప్పటికి రూపాయి రాకపోయినా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లిన బీకాం అభ్యర్థి 'చిన్న వ్యాపారులు మీ సాఫ్ట్‌వేర్ ఎందుకు కొనడం లేదంటే..' అని మొదలుపెట్టి యాభై మంది చెప్పింది వినిపించొచ్చు.